రెండు కునుకులు ఒకటయ్యే రోజులు: ఏడాది దాటిన పిల్లల పగటి నిద్ర లెక్క

పొద్దున పదింటికి మా ఇంట్లో ఒక వరస ఉండేది. నూనె రాసి, నలుగు పెట్టి స్నానం, ఒళ్లు తుడిచి బొట్టు, గిన్నెడు ఉగ్గు, ఆ తర్వాత చీర ఉయ్యాల. నాలుగు ఊపులు ఊపేసరికి పాప నిద్రలోకి జారుకునేది. గంటన్నర దాకా కదిలేది కాదు. పదమూడో నెల నడుస్తుండగా ఒకరోజు నలభై నిమిషాలు ఊపినా లోపల నుంచి కాలి పట్టీల చప్పుడు ఆగలేదు. తొంగి చూస్తే కళ్లు ఇంతింత చేసుకుని చీర అంచు లాగుతూ ఆడుకుంటోంది. సరే, ఇవాళ్టికి వద్దులే అని దింపేశాం. సాయంత్రం ఆరు కాకముందే, పెరుగన్నం తింటూ తింటూ, నోట్లో ముద్ద మింగకుండానే తల ముందుకు వాల్చేసింది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. ఆ సాయంత్రం మాత్రం నిద్ర ముందు ఆకలి కూడా ఓడిపోయింది. గంట పడుకుని లేచి, రాత్రి పదకొండున్నర దాకా ఇల్లంతా పరుగులు పెట్టింది.

ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు పిల్లలున్న ఇళ్లలో ఇది దాదాపు అందరికీ ఎదురయ్యే ఘట్టం. రోజుకు రెండుసార్లు పడుకునే పిల్ల ఒక్కసారికి మారుతుంది. మారడం సహజమే. మధ్యలో నెలా రెండు నెలలు మాత్రం రెండు కునుకులు ఎక్కువవుతాయి, ఒకటి చాలదు. సరిగ్గా అప్పుడే సలహాలన్నీ ఒకదానితో ఒకటి పొసగకుండా పోతాయి. "పద్దెనిమిది నెలల దాకా పొద్దుటి నిద్ర మాన్పించకూడదు" అని ఒకరు, "ఏడాది నిండగానే ఒక్కటి చాలు" అని క్రెష్ వాళ్లు, "నిద్రపోయే పిల్లని లేపకూడదమ్మా" అని అత్తగారు. వీళ్లలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదు. ఎవరి మాట ఏ లెక్క మీద నిలబడిందో తెలిస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ముందు మాటలు, కొలతలు

పసిపిల్లల పగటి నిద్రను ఇంగ్లిష్ సలహాల్లో 'న్యాప్' అంటారు, మనం కునుకు అంటాం. ఒకసారి లేచిన దగ్గర్నుంచి మళ్లీ పడుకునే దాకా పిల్ల హుషారుగా మేలుకుని ఉండగలిగే సమయం 'వేక్ విండో'. ఆ సమయం దాటిపోయి, నిద్ర ముంచుకొస్తున్నా పడుకోలేక పేచీ పెట్టే స్థితి 'ఓవర్‌టైర్డ్'. ఈ వ్యాసంలో పొద్దుటి కునుకు అంటే తొమ్మిదిన్నర, పదకొండు మధ్య మొదలయ్యేది, మధ్యాహ్నం నిద్ర అంటే భోజనం వేళ తర్వాతది.

కొలతల విషయానికొస్తే, 2016లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 4 నుంచి 12 నెలల పిల్లలకు రోజుకు 12 నుంచి 16 గంటలు, 1 నుంచి 2 ఏళ్ల వాళ్లకు 11 నుంచి 14 గంటలు నిద్ర కావాలని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ల లోపు పిల్లల గురించి ఇచ్చిన సూచనల్లోనూ 1 నుంచి 2 ఏళ్లకు ఇదే అంకె ఉంది. రెండు చోట్లా లెక్క రాత్రీ పగలూ కలిపే. 11కీ 14కీ మధ్య మూడు గంటల తేడా ఉందని గుర్తుంచుకోవాలి. పక్కింటి బాబు పద్నాలుగు గంటలు పడుకుంటాడు, మన పిల్ల పదకొండున్నరే పడుకుంటుంది. ఇద్దరూ మామూలు పిల్లలే. పోలిక పెట్టుకుని దిగులుపడే తల్లులను చూసినప్పుడల్లా ఈ ఒక్క అంకె చేతిలో పెట్టాలనిపిస్తుంది.

వేక్ విండో పట్టికల గురించి కూడా ఒక మాట. "పదమూడు నెలలకు మూడుంపావు గంటలు" అంటూ నిమిషాలతో సహా తిరిగే పట్టికలు నిద్ర సలహాదారుల అనుభవం నుంచి పుట్టినవి. పిల్లల మీద ప్రయోగాలు చేసి తేల్చిన అంకెలు కావు. సుమారు అంచనాకు పనికొస్తాయి. అలారం పెట్టుకుని పాటించాల్సినంత గట్టి ఆధారం వాటికి లేదు.

రెండింటిలో పొద్దుటిదే ఎందుకు పోతుంది

స్విట్జర్లాండ్‌కు చెందిన అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో నిద్రను రెండు శక్తుల ఆటగా వివరించాడు. ఇప్పటికీ నిద్ర శాస్త్రానికి పునాది అదే.

మొదటిది నిద్ర ఒత్తిడి. చుక్క చుక్కగా నిండే కుండ అనుకోండి. మేలుకున్న ప్రతి నిమిషం అందులో చుక్క పడుతుంది. అడినోసిన్ అనే రసాయనం మెదడులో పోగవడం దీనికి ఒక ముఖ్య కారణం. కుండ నిండితే నిద్ర ఆగదు, నిద్రపోతే కుండ ఖాళీ అవుతుంది. నెలల పిల్లకు అది గంటలోనే నిండిపోతుంది, అందుకే రోజుకు నాలుగైదుసార్లు పడుకుంటుంది. మెదడు ఎదిగేకొద్దీ నిండడం నెమ్మదిస్తుంది.

రెండోది శరీరంలోని గడియారం. కుండ ఎంత నిండిందన్నదానితో పని లేకుండా, వెలుగు చీకట్లను బట్టి ఇది ఒక వేళలో మెలకువను, మరో వేళలో మత్తును పెంచుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట, మూడు మధ్య పెద్దవాళ్లకు కూడా కళ్లు మూతలు పడేది భోజనం బరువు వల్ల మాత్రమే కాదు, గడియారం కాస్త దిగజారే వేళ అది. రాత్రి నిద్రకు ముందు రెండు మూడు గంటలు ఇదే గడియారం మెలకువను గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త పెరెట్జ్ లవీ ఆ వేళను నిద్రకు నిషిద్ధమైన వేళ అన్నాడు.

ఇప్పుడు రెంటినీ కలిపి చూడండి. పొద్దుటి కునుకు వేళకు పిల్ల పదిగంటల రాత్రి నిద్ర ముగించి మూడు గంటలే అయింది. కుండలో అడుగు తడిసిందంతే. గడియారం సాయం కూడా లేదు. మధ్యాహ్నానికి కుండ సగం పైన నిండుతుంది, గడియారమూ దిగుతుంది. అందుకే కుండ నిండడం నెమ్మదించగానే మొదట రాలిపోయేది పొద్దుటి కునుకే. మధ్యాహ్నం నిద్ర మరో రెండు మూడేళ్లు నిలుస్తుంది.

దీనికి తోడు ఈమధ్య వచ్చిన మరో ప్రతిపాదన ఉంది. అమెరికాలో పరిశోధన చేసే రెబెకా స్పెన్సర్, ట్రేసీ రిగిన్స్ 2022లో చెప్పినదాని ప్రకారం, చిన్నపిల్లల మెదడులో కొత్త జ్ఞాపకాలను తాత్కాలికంగా దాచే హిప్పోకాంపస్ అనే భాగం చిన్న డబ్బాలాంటిది. తొందరగా నిండిపోతుంది, నిద్రలో ఖాళీ అవుతుంది. ఆ భాగం ఎదిగితే పగలంతా చూసినవి, విన్నవి మోయగలుగుతుంది, మధ్యలో అన్నిసార్లు ఖాళీ చేయనక్కర్లేదు. ఇది ఇంకా సిద్ధాంతమే అయినా, ఒకే వయసు పిల్లల్లో ఒకరు ముందు, ఒకరు వెనక మారడానికి అర్థవంతమైన కారణం చూపిస్తుంది.

గంటల లెక్క ఎక్కడ తప్పుతుంది

అంకెలు వేసి చూస్తే ఈ గందరగోళం ఎందుకొస్తుందో స్పష్టంగా కనపడుతుంది. పదమూడు నెలల పాప ఒకతె ఉందనుకుందాం. రాత్రి 9కి పడుకుని పొద్దున 7కి లేస్తుంది, అది 10 గంటలు. 10 నుంచి 11:15 దాకా ఒక కునుకు, మధ్యాహ్నం 2:30 నుంచి 4 దాకా ఇంకొకటి, రెండూ కలిపి రెండుముప్పావు గంటలు. మొత్తం నిద్ర పన్నెండుముప్పావు గంటలు. మెలకువ పదకొండుంపావు గంటలు. ఆ మెలకువ మూడు ముక్కలు: పొద్దున 3 గంటలు, మధ్యలో మూడుంపావు, సాయంత్రం 5. అన్నీ అమరాయి.

రెండు నెలలు గడిచాయి. పాపకు కావలసిన నిద్ర పన్నెండుంపావుకు తగ్గింది, ఒక్కసారికి ఓపగలిగే మెలకువ నాలుగు గంటలకు పెరిగింది. తగ్గింది అరగంటే. అయినా పాత వరస చెదిరిపోతుంది. 7కి లేచిన పిల్లకు 11 దాకా కునుకు రాదు. 11 నుంచి 12:15 దాకా పడుకుంటే రెండో నిద్రకు 4:15 అవుతుంది. అది 5:30కి ముగుస్తుంది. ఆ తర్వాత కనీసం నాలుగైదు గంటల మెలకువ కావాలి, అంటే రాత్రి తొమ్మిదిన్నర, పదిన్నర. అక్కడికి రోజు మొత్తానికి పగలే రెండున్నర గంటలు పడుకుంది కాబట్టి రాత్రికి మిగిలింది తొమ్మిదిముప్పావు గంటలే. పొద్దున లేవడం ఆలస్యమవుతుంది, మర్నాడు అన్నీ ఇంకాస్త వెనక్కి జరుగుతాయి. లేదా పాప 4:15కి పడుకోనని మొండికేసి, ఆరింటికి అన్నం ముందు తూలుతుంది.

అదే పాప ఒక్క నిద్రకు మారితే: 6:45కి లేస్తుంది, 12:30 నుంచి 2:45 దాకా రెండుంపావు గంటలు పడుకుంటుంది, రాత్రి 8:45కి నిద్ర. రాత్రి 10, పగలు రెండుంపావు, మొత్తం పన్నెండుంపావు. మెలకువ ముక్కలు రెండే: అయిదుముప్పావు గంటలు, ఆరు గంటలు. చిక్కు ఇక్కడే ఉంది. పాప ఓపగలిగేది నాలుగు గంటలు, కొత్త వరస అడిగేది ఆరు. నాలుగుకీ ఆరుకీ మధ్య ఉన్న ఆ లోయ దాటడమే ఈ నెలా రెండు నెలల కష్టమంతా. పిల్ల మొండితనం కాదు, తల్లి పెంపకంలో లోపం అసలే కాదు.

ఏ వయసులో మారతారు

ఎక్కువమంది పిల్లలు 12 నుంచి 18 నెలల మధ్య మారతారు, 14, 15 నెలల దగ్గర గుంపు ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో పుట్టాల్సిన తేదీ నుంచి లెక్క వేయడం సబబు.

ఇక్కడ ఒక తికమక చాలా ఇళ్లలో చూశాను. పొద్దుటి కునుకు మానేసిన పిల్ల నాలుగు రోజులు మధ్యాహ్నం కూడా సరిగా పడుకోకపోతే, "మా వాడికి పగటి నిద్రే అక్కర్లేదు" అని నిర్ణయానికి వచ్చేస్తారు. ఒక కునుకు పోవడం వేరు, పగటి నిద్ర పోవడం వేరు. జ్యూరిచ్‌లో పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2003లో అచ్చయింది. అందులో ఏడాదిన్నర వయసులో నూటికి 96 మంది పగలు పడుకునేవారే. నాలుగేళ్లకు ఆ సంఖ్య 35కు దిగింది. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2020 సమీక్షలో రెండేళ్లలోపు పగటి నిద్ర పూర్తిగా మానేసినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురికి మించలేదు. కాబట్టి ఏడాదిన్నర పిల్ల పగలు పడుకోవడం లేదంటే, నిద్ర అక్కర్లేక కాదు, వేళ కుదరక అయి ఉండే అవకాశమే చాలా ఎక్కువ.

క్రెష్‌ల మాట వేరు. అమెరికాలో మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది వెళ్లే డేకేర్లలో ఏడాది నిండగానే పసిపిల్లల గది నుంచి పెద్ద గదికి మారుస్తారు. అక్కడ భోజనం కాగానే అందరికీ ఒకేసారి చిన్న మంచాలు వేస్తారు. పొద్దుటి కునుకుకు చోటు ఉండదు. మన దేశంలోనూ 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ వసతి ఉండాలంది. పదిమంది పిల్లలను ఇద్దరు ఆయాలు చూసుకునే చోట ఒక్కొక్కరికి ఒక్కో వేళ కుదరదు. అక్కడ ఒక్క నిద్ర అన్నది పిల్ల సిద్ధపడినందుకు వచ్చిన మార్పు కాదు, ఆ చోటు పద్ధతి. పిల్లలు చాలావరకు సర్దుకుంటారు, కొన్ని వారాలు సాయంత్రాలు కష్టంగా గడుస్తాయి.

నిజమైన మార్పా, నాలుగు రోజుల ముచ్చటా

పన్నెండో నెల చుట్టూ పిల్ల జీవితంలో ఎన్నో ఒక్కసారే జరుగుతాయి. నడక వస్తుంది, దవడ పళ్లు మొదలవుతాయి, అమ్మ కనపడకపోతే భయం పెరుగుతుంది. నడక కొత్తగా వచ్చిన పిల్ల ఉయ్యాలలో ఎందుకు పడుకుంటుంది? వారం పది రోజులు పొద్దుటి కునుకు ఎగ్గొట్టి, మళ్లీ బుద్ధిగా పడుకునేవాళ్లు బోలెడు మంది. ఆ వారాన్ని చూసి కునుకు తీసేస్తే, రెండు నెలల ముందే లోయలో దింపినట్టవుతుంది.

అసలు మార్పు రెండు వారాలు దాటినా నిలబడి ఉంటుంది. పొద్దుటి కునుకుకు అరగంట, నలభై నిమిషాలు పట్టడం, లేదా అది బాగా కుదిరి మధ్యాహ్నం నిద్ర పూర్తిగా ఎగిరిపోవడం, రాత్రి పడుకునే వేళ రోజురోజుకూ వెనక్కి పోవడం, తెల్లవారకుండా అయిదింటికే లేచి ఆడుకోవడం వంటివి కలిసి కనపడతాయి. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు వేరే ఉంది. కునుకు ఎగ్గొట్టిన రోజు పదకొండింటికి పిల్ల ఎలా ఉందన్నది చూడాలి. ఆడుకుంటూ, నవ్వుతూ, పిలిస్తే పలుకుతూ ఉంటే సిద్ధపడుతున్నట్టు. చెవి లాగుకుంటూ, కళ్లు నులుముకుంటూ, ప్రతిదానికీ ఏడుస్తూ ఉంటే కుండ నిండిపోయినట్టే, వేళ ఇంకా రాలేదు.

మెల్లగా జరపడం, ఒక్కసారిగా మార్చడం

ఈ లోయ దాటడానికి రెండు దారులు వాడుకలో ఉన్నాయి. మొదటిది పొద్దుటి కునుకును కొంచెం కొంచెంగా మధ్యాహ్నంలోకి జరపడం. రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున జరిపితే, 10 గంటల కునుకు 12కు చేరడానికి ఎనిమిది మెట్లు, మూడేసి రోజులకు ఒక మెట్టయితే 24 రోజులు. ఈ దారిలో ఏ రోజూ పిల్ల మరీ అలసిపోదు. కాకపోతే మధ్యలో ఒక వారం పదిరోజులు నిద్ర 11, 11:30 దగ్గర పడి, 12:30కే మెలకువ వచ్చేస్తుంది. అక్కడి నుంచి రాత్రి దాకా చాలా దూరం. ఆ రోజుల్లో నాలుగింటికి ఇరవై నిమిషాల చిన్న కునుకో, రాత్రి నిద్రను గంట ముందుకు తేవడమో చేసి సరిపెడుతుంటారు.

రెండోది ఒకరోజు నిశ్చయించుకుని నేరుగా 12కి మార్చేయడం. క్రెష్‌కు వెళ్లే పిల్లలకు జరిగేది ఇదే. ఈ దారిని సమర్థించేవాళ్ల వాదన, గడియారం ఒకే వేళకు త్వరగా అలవాటు పడుతుందని. కాదనేవాళ్ల వాదన, బాగా అలసిన పిల్ల అంత సేపు మేలుకున్నా నలభై నిమిషాలకే లేచి ఏడుస్తుందని. రెండూ నిజంగా జరిగేవే. పదిహేను, పదహారు నెలల పిల్లకు రెండో దారి తేలిగ్గా ఉంటుంది, ఏడాది నిండిన పిల్లకు మొదటిదే ఓపగలిగినంత దారి. నా అభిప్రాయం అటే మొగ్గుతుంది.

ఈ రెంటికీ మధ్య ఇంకో పద్ధతి ఉంది, పేరు లేకపోయినా చాలా ఇళ్లలో జరుగుతున్నది అదే. పొద్దున ఆరింటికే లేచిన రోజు రెండు కునుకులు, ఏడున్నరకు లేచిన రోజు ఒకటి. క్రెష్ ఉన్న అయిదు రోజులు ఒకటి, శని, ఆదివారాలు రెండు. ఇలా చేస్తే అలవాటు కుదరదని కొందరు అంటారు. కానీ గంటల లెక్క ప్రకారం చూస్తే ఆరింటికీ ఏడున్నరకూ లేచిన రెండు రోజులు పిల్ల ఒంటికి ఒకే రోజు కాదు. కొన్ని వారాల తర్వాత ఒక్క నిద్ర రోజులు వాటంతటవే ఎక్కువవుతాయి.

పదింటికి నిద్రపోయే ఇళ్ల లెక్క

మన ఇళ్లకు ఇంటర్నెట్ సలహా పొసగకపోవడానికి అతిపెద్ద కారణం ఇది. ఆ సలహాలు రాత్రి ఏడింటికి నిద్రపోయే పిల్లలను మనసులో పెట్టుకుని రాసినవి. 2010లో అచ్చయిన ఒక పెద్ద సర్వేలో మన దేశంతో సహా 17 దేశాలు, ప్రాంతాల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు 29,287 మంది వివరాలు సేకరించారు. న్యూజిలాండ్ పిల్లలు సగటున రాత్రి 7:27కు పడుకుంటే, హాంకాంగ్ పిల్లలు 10:17కు. మొత్తంగా ఆసియా పిల్లల నిద్ర వేళ ఆలస్యం. పగటి నిద్రలో మాత్రం దేశాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక ఇల్లు అనుకుందాం. తండ్రి ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. పాప నాన్నతో ఆడుకుని 10:30కి పడుకుంటుంది, 8:30కి లేస్తుంది. ఈ తల్లి "పన్నెండింటికి పడుకోబెట్టండి" అన్న సలహా చదివి ప్రయత్నిస్తే, పాప లేచి మూడున్నర గంటలే అయింది, నిద్ర రాదు. వచ్చినా గంటలో లేస్తుంది, మళ్లీ అయిదింటికి ఇంకో కునుకు. అంటే రెండు కునుకుల దగ్గరే ఆగిపోయింది. ఇందాకటి పాప వరస మొత్తాన్ని గంటముప్పావు వెనక్కి జరిపి చూడండి: 8:30కి లేవడం, 2:15 నుంచి 4:30 దాకా నిద్ర, 10:30కి రాత్రి నిద్ర. ఆ అయిదుముప్పావు గంటలు, ఆ ఆరు గంటలే. మొత్తం అదే పన్నెండుంపావు. గడియారంలో వేళ మారింది, లెక్క మారలేదు.

దీనికి అభ్యంతరం చెప్పేవాళ్ల మాట కూడా బలమైనదే. ఆలస్యంగా పడుకునే పిల్ల ఆలస్యంగా లేవగలిగితేనే ఈ లెక్క నిలుస్తుంది. అన్న బడికి వెళ్లే హడావిడి, ఏడింటికే కుక్కర్ కూతలు, కిటికీలోంచి ఎండ, క్రెష్ బస్సు ఉన్న ఇంట్లో 8:30 దాకా ఎవరు పడుకోనిస్తారు? పదిన్నరకు పడుకుని ఏడింటికి లేస్తే రాత్రి నిద్ర ఎనిమిదిన్నర గంటలే. మిగతా మూడుముప్పావు గంటలు పగటి మీద పడతాయి. అలాంటి ఇంట్లో పిల్ల ఒక్క నిద్రకు మారలేకపోవడం ఆశ్చర్యం కాదు, పొద్దుటి కునుకు ఆమెకు రాత్రి బాకీ తీర్చుకునే మార్గం. పై సర్వేలో న్యూజిలాండ్ పిల్లల మొత్తం నిద్ర సగటు 13.3 గంటలు, జపాన్ పిల్లలది 11.6 గంటలు. ఆలస్యంగా పడుకునే చోట్ల మొత్తం నిద్ర కూడా తగ్గుతోందని దీన్నిబట్టి తెలుస్తోంది.

వెలుగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మోనిక్ లబర్జువా బృందం 3 నుంచి 5 ఏళ్ల పిల్లలను నిద్రకు ముందు గంటసేపు ప్రకాశవంతమైన వెలుగులో ఉంచి చూస్తే, చీకటి పడగానే ఊరాల్సిన మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ సుమారు 88 శాతం తగ్గిపోయింది. చిన్న ప్రయోగమే, పదిమంది పిల్లల మీద చేసింది. అయినా ట్యూబులైట్లు, టీవీ వెలుగుతూ ఉండే హాల్లో పదింటికి కూడా కళ్లు మూయని పిల్లను గుర్తుకు తెస్తుంది.

"నిద్రపోయే పిల్లను లేపకూడదు"

పెద్దవాళ్లు ఈ మాట ప్రేమతో అంటారు. ఎదుగుదల హార్మోన్ గాఢనిద్రలో ఎక్కువగా ఊరుతుందన్నది నిజం. నిద్ర విలువ వాళ్లకు పుస్తకాలు చదవకుండానే తెలుసు.

చిక్కు సాయంత్రం నిద్రతోనే. జపాన్‌లో ఏడాదిన్నర వయసు పిల్లలు 50 మందికి కదలికలను నమోదు చేసే పరికరం కట్టి వారంపాటు గమనించారు. పగటి నిద్ర ఎంత ఎక్కువసేపు సాగితే, ఎంత ఆలస్యంగా ముగిస్తే, రాత్రి నిద్ర అంత ఆలస్యంగా మొదలై అంత తగ్గింది. రోజు మొత్తం నిద్ర మాత్రం దాదాపు అంతే ఉంది. అంటే సాయంత్రం పడుకోనిచ్చిన గంట పిల్లకు అదనంగా వచ్చిన గంట కాదు, రాత్రిలోంచి తీసి ముందే వాడుకున్నది. పెద్దవాళ్ల మాట మధ్యాహ్నం ఒంటిగంట నిద్రకు అచ్చంగా వర్తిస్తుంది. అయిదున్నర నిద్రకు వచ్చేసరికి, ఇప్పుడు లేపితే కాసేపు ఏడుపు, లేపకపోతే అర్ధరాత్రి దాకా జాగారం, ఈ రెంటిలో ఇంటికి ఏది ఓపిక అన్నదే ప్రశ్న.

ఎక్కువ కునుకులు తీసే పిల్లలు వెనకబడతారా

2023లో ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం నుంచి ఒక అధ్యయనం వచ్చి చాలామంది తల్లిదండ్రులను కంగారుపెట్టింది. లాక్‌డౌన్ కాలంలో 8 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలు 463 మందిని పరిశీలిస్తే, వయసుకు తగినదానికంటే ఎక్కువసార్లు, తక్కువసేపు పడుకునేవాళ్లకు మాటలు తక్కువగా వచ్చాయి. దీన్ని చదివి కునుకు మాన్పిస్తే మాటలొస్తాయనుకుంటే తిరగేసి చదివినట్టే. ఆ పరిశోధకులే చెప్పారు, కునుకులు తగ్గించినంత మాత్రాన మెదడు ఎదుగుదల వేగం పుంజుకోదని. నేర్చుకున్నది సర్దుకోవడానికి కొందరు పిల్లలకు ఎక్కువసార్లు నిద్ర కావాలి, వాళ్లకు అది అవసరం. కొలరాడోలోనే 2012లో రెండున్నర, మూడేళ్ల మధ్య పిల్లలకు ఒక్కరోజు పగటి నిద్ర తప్పించి చూస్తే, ముఖంలో సంతోషం 34 శాతం తగ్గింది, చిరాకు, బాధ 31 శాతం పెరిగాయి. వేళ కాకముందే నిద్ర తీసేస్తే సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో తెలిసిన ఏ తల్లికైనా ఈ అంకెలు కొత్తవి కావు.

నిద్ర వేళ మారితే కదిలే మిగతావి

ఒక్క నిద్ర సరిగ్గా భోజనం వేళ మీద వచ్చి కూర్చుంటుంది. పన్నెండున్నరకు అన్నం పెడదామంటే పిల్ల అప్పటికే తూలుతుంది, ఆకలితో పడుకుంటే ముప్పావుగంటకే లేస్తుంది. అందుకే ఈ మార్పు కుదిరిన ఇళ్లలో పిల్ల భోజనం పెద్దవాళ్ల కంటే గంట ముందు, పదకొండుంపావు, పదకొండున్నరకు జరిగి ఉంటుంది. పప్పన్నం ఆ వేళకు ఉడకాలంటే పొద్దున పనుల వరసే మారాలి. వండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఆహారం దగ్గరే ఇంకో సంగతి. పిల్ల నిద్రలో అస్తమానం కాళ్లు కొట్టుకుంటూ, దొర్లుతూ ఉంటే, పాలిపోయి కనిపిస్తే, కునుకుల లెక్కతో పని లేదు. ఇనుము లోపం నిద్రను చెడగొడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో మన దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. అన్నం తినడం లేదని రోజుకు అరలీటరు దాటి పాలు పట్టే ఇళ్లలో ఇది మరింత ఎక్కువగా పొంచి ఉంటుంది. అలాగే రోజూ గట్టిగా గురక పెట్టడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఎంత పడుకున్నా పగలంతా మత్తుగా ఉండడం పిల్లల డాక్టరు చూడాల్సినవి.

ఇక స్నానం. నెలల పిల్లకు నూనె రుద్ది, వేణ్నీళ్లు పోసి పడుకోబెడితే గాఢంగా నిద్రపోతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. అంటే ఏడాది పాటు ఆ స్నానమే పిల్ల ఒంటికి "ఇక పడుకో" అన్న పిలుపు. పొద్దుటి కునుకు మానుతున్న పిల్లకు కూడా తొమ్మిదిన్నరకే తలంటితే, ఒళ్లు అటు లాగుతుంది, మెదడు ఇటు లాగుతుంది. మా ఇంట్లో మూడు వారాలు ఇది తట్టనే లేదు. వేళలు రాసుకున్న కాగితం గోడకు అంటించి, పావుగంటలు జరుపుతూ అవస్థ పడుతున్నాం. ఒక ఆదివారం నీళ్లు రాక స్నానం పన్నెండుకు పోయింది. పదకొండున్నరకే పప్పన్నం తినేసిన పాప, తల ఆరకముందే ఉయ్యాల చీర పట్టుకుని ఎక్కించమని చేతులు చాచింది. మూడింటి దాకా లేవలేదు. సోమవారం నుంచి నలుగు పిండి గిన్నె పన్నెండింటికే బయటికి తీశాం.